ఆ గడిలో ఏం రాయాలి?

జూన్ 20న మా ఆఫీసు లిఫ్టు పక్కన టీవీలో నీలం రంగు స్లయిడ్ ఒకటి తిరుగుతోంది. ప్రపంచ శరణార్థుల దినోత్సవం అని. వెనకాల సముద్రం, అందులో చిన్న పడవ. మధ్యాహ్నం భోజనాలయ్యాక పది ప్రశ్నల క్విజ్ పెట్టారు, గెలిచినవాళ్ళకి కాఫీ కూపన్. నాకు ఏడు కరెక్టయ్యాయి, కూపన్ రాలేదు. సెల్ఫీ మాత్రం దిగాను. స్టేటస్‌లో పెట్టాను. నలభై మూడు మంది చూశారు. ఇద్దరు దండం ఎమోజీ పంపారు. ఒకడు మాత్రం 'బీచ్‌కెళ్ళావా మామా?' అని అడిగాడు.

అదే రోజు సాయంత్రం నాకొక టికెట్ వచ్చింది. సినిమా టికెట్ కాదు, మా భాషలో టికెట్ అంటే 'ఇదిగో ఇక్కడ పని చెయ్యట్లేదు, చూడు' అనే ఫిర్యాదు. విదేశంలో ఉన్న ఒక క్లయింట్ కోసం మేం రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి తయారు చేశాం. పేరు, పుట్టిన తేదీ, ఆ తర్వాత నేషనాలిటీ. దాని పక్కన ఎర్ర చుక్క గుర్తు. అంటే అది నింపకపోతే కింది బటన్ పని చెయ్యదు. ఆ చుక్క పెట్టింది నేనే. ఫిర్యాదు ఒక్క ముక్కే: 'ఒక యూజర్‌కి ఏ దేశమూ లేదంటున్నారు. ఏది ఎంచుకోవాలి?'

నేనేం రాశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. 'ఎడ్జ్ కేస్. ప్రస్తుతానికి దగ్గరగా ఉన్న దేశం ఎంచుకోమనండి.' టికెట్ క్లోజ్. దగ్గరగా ఉన్న దేశమట! చెప్పుల షాపులో సైజు చెప్పినట్టు చెప్పాను. అది కూడా, స్టేటస్ పెట్టి నాలుగు గంటలు కాకుండానే.

రాత్రి విశాఖపట్నం నుంచి నాయనమ్మ వీడియో కాల్. స్టేటస్ మా చెల్లి చూపించిందట.

"ఏట్రా, మీ ఆఫీసులో ఏటి పండగ?"

"కాందిశీకుల రోజు నాయనమ్మా."

"మా రోజా? మాకో రోజుందేటి?"

నాకు నవ్వాగలేదు. నవ్వాక గుర్తొచ్చింది, నిజమే కదా అని. నాయనమ్మ వాళ్ళది బర్మా క్యాంపు. కంచరపాలెం వైపు వెళ్ళినవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. బస్సు స్టాపు పేరుగా రోజూ వింటాం కానీ, క్యాంపు అని ఎందుకన్నారో ఎవరూ ఆలోచించరు. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టాక షాపులు, వ్యాపారాలు జాతీయం చేసేశారు. తరాల తరబడి రంగూన్లో బతికిన తెలుగువాళ్ళు, తమిళులు, ఇంకా ఎంతోమంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. 1964లో మా నాయనమ్మ అలా వచ్చింది. పెళ్ళయిన కొత్త. అప్పట్లో పేపర్లు వాళ్ళని కాందిశీకులు అనేవి. మా తరానికి ఆ మాట పాత సినిమాల్లో తప్ప వినపడదు.

"బంగారం అక్కడే ఒలిపించేసినారు. కాయితం మాత్రం జాకెట్టులో ఎట్టుకున్నాను" అంటుంది నాయనమ్మ. నా చిన్నప్పటి నుంచి ఈ కథ కనీసం వందసార్లు విన్నాను. బంగారం పోయిన భాగం దగ్గర జాలేసేది. కాగితం భాగం దగ్గర ఎప్పుడూ నిద్రొచ్చేది. ఆ టికెట్ క్లోజ్ చేసిన రాత్రి మాత్రం కాగితం భాగమే చెవిలో ఉండిపోయింది. ఎందుకంటే ఆ కాగితం చూపిస్తేనే ఓడ దిగినచోట పేరు రాసుకున్నారు, జాగా ఇచ్చారు, తాతయ్యకి చిన్న వ్యాపారం పెట్టుకోడానికి అప్పు దొరికింది. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసమని ప్రభుత్వం 1969లో మద్రాసులో ఒక సహకార బ్యాంకే పెట్టింది. రెప్కో బ్యాంక్ అని బోర్డు చూసుంటారు, అదే. ఆ పేరులో మొదటి రెండక్షరాలు రీపాట్రియేట్స్, అంటే స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళు. తిరిగి రావడానికి ఒక దేశం ఉంది కాబట్టి నాయనమ్మ కష్టం ఒక తరంతో తీరింది. అదే ఆ కాగితం లేనివాళ్ళకైతే?

క్విజ్‌లో నేను తప్పు చేసిన మూడింటిలో ఒకటి ఇదే. శరణార్థి, ఏ దేశమూ లేని మనిషి – రెండూ ఒకటే అనుకున్నాను. కాదు. శరణార్థి అంటే ప్రాణభయంతో సొంత దేశం దాటి వచ్చినవాడు. వాడికి ఒక దేశం ఉండొచ్చు, అక్కడ ఉండలేకపోయాడు, అంతే. రెండోవాడు వేరు. ప్రపంచంలో ఏ దేశ చట్టమూ వాణ్ణి 'మావాడు' అనదు. పుట్టిన ఊరు వదిలి ఒక్క అడుగు కూడా కదలకపోయి ఉండొచ్చు. తప్పేం చెయ్యక్కర్లేదు. లెబనాన్‌లో తల్లి పౌరసత్వం పిల్లలకి రాదు, తండ్రి నుంచే రావాలి. ఇలా తల్లికి తండ్రితో సమానంగా హక్కు ఇవ్వని దేశాలు ఇంకా ఇరవైకి పైనే ఉన్నాయి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు జేబులో ఉన్న పాస్‌పోర్టు అలాగే ఉంది, దేశమే మాయమైంది. మయన్మార్‌లో అధికారికంగా గుర్తించిన 135 జాతుల జాబితా ఒకటుంది, అందులో రోహింగ్యాల పేరు లేదు. అన్నట్టు, తెలుగు పేరు కూడా లేదు. మా నాయనమ్మతో పాటు ఓడ ఎక్కకుండా అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ సంతానం ఇప్పటికీ ఉంది. వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాను.

ఇలా దేశం లేనివాళ్ళు లెక్కకి దొరికినంత వరకే సుమారు 44 లక్షల మంది. చాలా దేశాలు అసలు లెక్కే ఇవ్వవు కాబట్టి నిజం ఇంకా ఎక్కువే. నేను 'ఎడ్జ్ కేస్' అన్నది వీళ్ళని.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ రోజులు, స్లయిడ్‌లు, హ్యాష్‌ట్యాగులు – వీటివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? నాకు మొదట్నుంచీ కాస్త వెటకారమే. స్టేటస్ పెట్టినవాడికే ఇంకా వెటకారం ఉంటుంది, తన సంగతి తనకి తెలుసు కాబట్టి. కానీ వారం రోజులు కూర్చుని చదివాక నా అభిప్రాయం కొంత మారింది. మొత్తం కాదు, కొంత.

2014 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 'ఐ బిలాంగ్' అనే ప్రచారం మొదలుపెట్టింది. నేనూ ఒక చోటుకి చెందినవాణ్ణే అని అర్థం. పదేళ్ళలో, అంటే 2024 కల్లా, దేశం లేకపోవడం అనే స్థితినే లేకుండా చేస్తామన్నారు. బెనెటన్ బట్టల కంపెనీ పోస్టర్ల పనిలో చెయ్యి కలిపింది. ఏంజెలినా జోలీ లాంటి వాళ్ళు బహిరంగ లేఖ మీద సంతకం పెట్టారు. కోటి సంతకాలు సేకరిద్దామనుకున్నారు. పదేళ్ళయింది. సమస్య పోలేదు, మీరు ఊహించిందే. కానీ ఆ పదేళ్ళలో అయిదున్నర లక్షల మందికి పైగా ఏదో ఒక దేశపు పౌరులయ్యారు. మడగాస్కర్ 2017లో చట్టం మార్చి తల్లికీ సమాన హక్కు ఇచ్చింది.

ఆ ప్రచారానికి ముఖంగా నిలిచిన వాళ్ళలో మహా మామో అనే అమ్మాయి ఒకరు. తల్లిదండ్రులు సిరియా వాళ్ళు. తండ్రి క్రైస్తవుడు, తల్లి ముస్లిం. ఆ పెళ్ళిని సిరియా గుర్తించదు కాబట్టి పిల్లల్ని అక్కడ నమోదు చెయ్యలేకపోయారు. పుట్టింది లెబనాన్‌లో, అక్కడేమో తండ్రి లెబనాన్ వాడైతేనే పౌరసత్వం. అక్కా, మహా, తమ్ముడు – ముగ్గురికీ ఏ దేశమూ లేదు. ఆమె కనిపించిన రాయబార కార్యాలయాలకల్లా ఉత్తరాలు రాసింది. చివరికి బ్రెజిల్ రమ్మంది. అక్కడికి వెళ్ళాక 2016లో తమ్ముణ్ణి దొంగలు చంపేశారు. దేశం అంటూ ఒకటి రాకుండానే పోయాడు. 2018లో బ్రెజిల్ ఆమెకీ, వాళ్ళక్కకీ పౌరసత్వం ఇచ్చింది. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి. ఈ వీడియో యూట్యూబ్‌లో ఉంది. బస్సులో కాదు, ఇంట్లో ఉన్నప్పుడు చూడండి.

ఇవన్నీ చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. పని జరిగిన చోట్లన్నీ ప్రచారం మనలాంటి చూసేవాళ్ళ కోసం చేసింది కాదు. కాగితం కావాల్సినవాడి దగ్గరికో, కాగితం ఇవ్వాల్సినవాడి దగ్గరికో నేరుగా వెళ్ళింది.

మన పక్కనే శ్రీలంక ఉంది. అక్కడి కొండల్లో తేయాకు తోటల పని కోసం బ్రిటిష్‌వాళ్ళు తమిళనాడు నుంచి కూలీల్ని తీసుకెళ్ళారు. 1948లో స్వాతంత్ర్యం వచ్చింది, వెంటనే పౌరసత్వ చట్టం వచ్చింది, ఆ చట్టంలో వీళ్ళకి చోటు లేదు. లక్షల మంది ఒక్కసారిగా ఎవరికీ కాకుండా పోయారు. మనం సిలోన్ టీ అని గొప్పగా చెప్పుకునే ఆ టీ ఆకు తెంపిన చేతులు. 1964లో శాస్త్రిగారు, సిరిమావో బండారనాయకే కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మందిని మనం తీసుకోవాలి, 3,00,000 మందిని వాళ్ళు ఉంచుకోవాలి. మనుషుల్ని బస్తాల్లా లెక్కేసి పంచుకున్నట్టు ఉంటుంది చదువుతుంటే. అప్పుడూ అందరికీ తేలలేదు. మిగిలినవాళ్ళ కథ 2003 అక్టోబర్‌లో శ్రీలంక పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా నడిచింది.

నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. చట్టం కొలంబోలో పాసైంది. తోటలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? తెలిసినా, ఫారం నింపడానికి రోజు కూలీ వదులుకుని ఏ ఆఫీసుకి వెళ్తాడు? అందుకని పేపర్లలో, రేడియోలో, టీవీలో చెప్పారు. వాలంటీర్లకి శిక్షణ ఇచ్చారు. తోటల దగ్గరికే ఆఫీసులు కదిలి వెళ్ళాయి. ఫారం కూడా సులువుగా ఉండేలా చూశారు. ఫలానా కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాం, మాకు ఈ దేశ పౌరసత్వం కావాలి అని ప్రకటన. పది రోజుల్లో 1,90,000 మందికి పైగా పౌరులయ్యారు. యాభై అయిదేళ్ళ పంచాయితీకి పది రోజులు పట్టింది! మా దగ్గర ఒక లాగిన్ పేజీ రంగు మార్చడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

కిర్గిజ్‌స్తాన్ కథ ఇంకా బాగుంటుంది. సోవియట్ యూనియన్ పోయాక ఫెర్గానా లోయలో ఒకే ఊళ్ళ మధ్య కొత్త సరిహద్దులు పడ్డాయి. పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి రాత్రికి రాత్రే పరాయి దేశం మనిషైంది, చేతిలో చెల్లని ఎర్ర పాస్‌పోర్టు. అజీజ్‌బెక్ అషురోవ్ అనే లాయరు, తన బృందంతో కలిసి, వీళ్ళ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగాడు. పాత జీపుల్లో వెళ్ళారు, జీపు వెళ్ళని కొండల్లోకి గుర్రాల మీద వెళ్ళారు. 'మీ ఇంట్లో కాగితాలు లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?' అని అడగడమే పని. సర్కారు అధికారుల్ని కూడా వెంటబెట్టుకుని పని పూర్తి చేశారు. 2019 జూలై నాటికి అక్కడ తెలిసిన 13,700 మందికి పైగా కేసులూ తీరిపోయాయి. తెలిసినవాళ్ళందరి సమస్యా తీర్చిన మొదటి దేశం అదే. ఆ ఏడాది నాన్సెన్ అవార్డు అషురోవ్‌కి ఇచ్చారు.

గుర్రం మీద లాయరు. దీన్ని మించిన అవేర్‌నెస్ క్యాంపెయిన్ నాకైతే కనపడలేదు.

ఎవరూ గుర్రం మీద రాకపోతే? కెన్యాలో మకొండే అనే జనం ఉన్నారు. చెక్కబొమ్మలు చెక్కడంలో పేరున్నవాళ్ళు. వాళ్ళ పెద్దలు మొజాంబిక్ నుంచి కెన్యా తీరంలో చెరకు తోటలు, నార తోటల్లో పనికొచ్చారు. దశాబ్దాలు గడిచినా గుర్తింపు కార్డు లేదు. కెన్యాలో కార్డు లేకపోతే ఏమవుతుందో మనకి బాగా అర్థమవుతుంది. అక్కడ మన యూపీఐ లాగా ఫోన్లోనే డబ్బు నడుస్తుంది, ఎం-పెసా అంటారు. కార్డు లేదు కాబట్టి సొంత పేరు మీద సిమ్ లేదు, సిమ్ లేదు కాబట్టి డబ్బు ఇంకొకడి ఫోన్లో ఉంటుంది. 2016 అక్టోబర్‌లో వాళ్ళలో వందల మంది క్వాలే నుంచి రాజధాని నైరోబీకి నడక మొదలుపెట్టారు. దారిలో పోలీసులు అడ్డుపడ్డారు. అయినా వెళ్ళారు. అధ్యక్షుడు ఉహురు కెన్యట్టా వాళ్ళని కలిసి, ఇంత ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పి, డిసెంబర్‌లోగా కార్డులు ఇమ్మని ఆదేశించాడు. మరుసటి ఏడాది మకొండే కెన్యా 43వ తెగ అయింది. ఆ దారి చూసి 2021లో షోనా వాళ్ళు, 2023లో పెంబా వాళ్ళు కూడా సాధించుకున్నారు.

అన్నీ ఇలాగే సుఖాంతం అవుతాయని చెబితే అది మళ్ళీ స్లయిడ్ అయిపోతుంది. కుతుపలాంగ్ సంగతి చెప్పాలి. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు. రెండేళ్ళు నిండిన రోజు, 2019 ఆగస్టు 25న, క్యాంపులో పెద్ద సభ జరిగింది. రెండు లక్షల మంది దాకా వచ్చారని వార్తలు. డిమాండ్ ఒకటే, పౌరసత్వం ఇస్తే తిరిగి వెళ్తాం. సభ పెట్టినవాళ్ళకి నాయకుడు మొహిబుల్లా. స్కూలు మాస్టారుగా పనిచేసిన మనిషి. గుడిసె గుడిసెకీ తిరిగి, మయన్మార్‌లో చనిపోయినవాళ్ళ పేర్లు నోటుపుస్తకాల్లో రాయించాడు. ఎవరి లెక్కలోనూ లేని జనం తమ లెక్క తామే రాసుకోవడం అన్నమాట.

సభ అంత బాగా జరిగిందా, కొద్ది రోజులకే క్యాంపుల్లో మొబైల్ ఇంటర్నెట్ కట్టేశారు. దాదాపు ఏడాది పాటు, మధ్యలో కరోనా వచ్చినా సరే, 2020 ఆగస్టు చివరిదాకా రాలేదు. మనకి ఒక గంట నెట్ లేకపోతే కస్టమర్ కేర్ మీద పడతాం. 2021 సెప్టెంబర్ 29న మొహిబుల్లాని క్యాంపులోనే కాల్చి చంపారు. వాళ్ళకి పౌరసత్వం ఇప్పటికీ రాలేదు. ప్రచారం చేసే ప్రతివాడూ ఒకే రకమైన రిస్కు తీసుకోవట్లేదు. నా స్టేటస్‌కి పోయేది ఇరవై నాలుగు గంటలు.

మరి జనం మొత్తం చూసే పెద్ద పెద్ద సంబరాలు? ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు ఉంది కదా. 2016 రియోలో పది మందితో మొదలైంది, 2024 పారిస్‌కి 37 మంది అయ్యారు. ఈజియన్ సముద్రంలో ఇంజన్ ఆగిపోయిన పడవని అక్కతో పాటు ఈదుతూ లాక్కొచ్చిన సిరియా అమ్మాయి యుస్రా మార్దీనీ మొదటి జట్టులోనే ఉంది. ఆ కథ మీద వచ్చిన 'ద స్విమ్మర్స్' సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. పారిస్‌లో సిండీ న్గాంబా బాక్సింగ్‌లో కంచు పతకం కొట్టింది. ఆ జట్టుకి అదే మొదటి పతకం. ఆమె కామెరూన్‌లో పుట్టింది, పదకొండేళ్ళ వయసు నుంచి ఇంగ్లండ్‌లోనే. బ్రిటన్ జట్టుతో కలిసి ప్రాక్టీసు చేసింది. కానీ బ్రిటిష్ పాస్‌పోర్టు లేదు కాబట్టి ఆ జట్టు తరఫున ఆడలేకపోయింది. నేను ఆ మ్యాచ్ చూస్తూ చప్పట్లు కొట్టాను. కొట్టాలి కూడా. కాకపోతే ఆ చప్పట్లకి పాస్‌పోర్టు ఆఫీసు తలుపు తెరుచుకోదు, అది వేరే పని.

ఆ వేరే పని ఎలా ఉంటుందో నేను చూసింది కొంచెమే. నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు ఆదివారాలు వెళ్తుంటాడు. అక్కడ రోహింగ్యా కుటుంబాలు చాలా ఉన్నాయి. వీళ్ళ విషయంలో మన దగ్గర ఎంత గొడవ ఉందో మీకు తెలుసు. భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు. మన ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు అక్రమంగా వచ్చినవాళ్ళు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డు జేబులో ఉంటుంది, కానీ ఆధార్ అడిగే చోట అది పనికిరాదు. ఆధార్ అడగని చోటు మన దగ్గర ఏదో మీరే చెప్పండి. వాళ్ళని ఉంచాలా పంపాలా అని ఈ కాలమ్‌లో తీర్పు చెప్పను. అయితే పంపాలన్నా సరే, తీసుకునే దేశం ఒకటి ఉండాలి కదా. మయన్మార్ 'మావాళ్ళు కాదు' అంటోంది. గొడవ పడేవాళ్ళలో చాలామందికి ఈ చిన్న సంగతి తెలీదు. నాకూ తెలీదు మొన్నటిదాకా.

టికెట్ గొడవ అయ్యాక ఒక ఆదివారం నేనూ వాడితో వెళ్ళాను. ఏదో సాయం చేసేద్దామని ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని మరీ. అక్కడ నాకు దొరికిన పని ఏంటంటే, ఒకాయన కార్డు స్కాన్ చేసి, ఫైలు సైజు తగ్గించి, ఢిల్లీ ఆఫీసుకి మెయిల్ పెట్టడం. పది నిమిషాల పని. ఆయన దానికోసం రెండుసార్లు నెట్ సెంటర్‌కి డబ్బులిచ్చాడట, అటాచ్‌మెంట్ వెళ్ళలేదట. "భాయ్, ఎర్ర గీత వస్తోంది" అని ఫోన్ చూపించాడు. ఎర్ర గీత! నా ఫారంలో ఎర్ర చుక్కకి చుట్టమే.

మెయిల్‌లో కుటుంబం వివరాలు టైపు చేస్తుంటే ఆయనదీ, ఇద్దరు తమ్ముళ్ళదీ పుట్టిన తేదీ జనవరి 1. ముగ్గురిదీ. సంవత్సరాలే వేరు. నేను టైపు తప్పేమో అనుకున్నాను. ఫ్రెండు నవ్వాడు. పుట్టిన తేదీ నమోదు లేనివాళ్ళకి ఫారం నింపేవాళ్ళు జనవరి 1 వేసేస్తారట, ప్రపంచమంతా ఇదే పద్ధతి. ఆ గడి కూడా ఖాళీగా వదలకూడదు కదా. అక్కడెక్కడో నాలాంటివాడే ఒకడు చుక్క పెట్టి ఉంటాడు.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ టికెట్ మళ్ళీ తెరిచాను. ఏం చెయ్యాలో వెతికితే నవ్వొచ్చింది, జవాబు ఎప్పట్నుంచో ఉంది. విమానాశ్రయాల్లో మెషిన్ చదివే పాస్‌పోర్టుల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక కోడ్‌ల జాబితా ఎప్పుడో ఇచ్చింది. మనకి ఐఎన్‌డి ఉన్నట్టే, ఏ దేశమూ లేనివాళ్ళకి ఎక్స్ఎక్స్ఏ. 1951 ఒప్పందం కింద శరణార్థి అయితే ఎక్స్ఎక్స్‌బి. మిగతా శరణార్థులకి ఎక్స్ఎక్స్‌సి. జాతీయత ఏదో తేలనివాళ్ళకి మూడు ఎక్స్‌లు. ప్రమాణం ఉంది, కోడ్ ఉంది, మెషిన్ చదువుతుంది. మేం నెట్‌లో దొరికిన దేశాల లిస్టు ఒకటి కాపీ చేసి పెట్టేశాం, అందులో ఇవి లేవు. అంతే జరిగింది. ఇందులో రాక్షసులు ఎవరూ లేరు, శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళాలనుకున్న ఒక ఇంజినీరు ఉన్నాడు.

మా లీడ్ అడిగింది, "దీనికి ఎంతమంది యూజర్లుంటారు?" ఒక్కరు అడిగారని చెప్పాను. ఆ ఒక్కరు మా జవాబు చూసి ఏం ఎంచుకున్నారో నాకు తెలీదు, తెలుసుకునే దారి కూడా లేదు. అబద్ధం దేశం పెట్టి ముందుకెళ్ళారో, పేజీ మూసేశారో. తప్పు దేశం పెడితే రేపు ఇంకో ఆఫీసులో 'ఇక్కడ ఇలా రాశావు, అక్కడ అలా రాశావు' అని పట్టుకుంటారు, ఆ భయం కూడా వాళ్ళదే. లీడ్ ఒక నిమిషం ఆలోచించి, "రిలీజ్‌లో పెట్టు, క్లయింట్‌కి నేను మెయిల్ రాస్తాను" అంది. క్లయింట్ ఒప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.

మీలో చాలామంది నాలాగే ఏదో ఒక ఫారం వెనకాల పని చేస్తుంటారు. బ్యాంకు యాప్, కాలేజీ అడ్మిషన్, హాస్పిటల్ రిజిస్ట్రేషన్, ఏదో ఒకటి. మీ లిస్టు ఒకసారి తెరిచి చూడండి, జింబాబ్వే తర్వాత ఏముందో. ఏమన్నా కనపడితే నాకు రాయండి, కనపడకపోయినా రాయండి.

నాయనమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. కోడ్ అంటే ఏంటో, డ్రాప్‌డౌన్ అంటే ఏంటో చెప్పడానికే అరగంట. అంతా విని, "అయితే ఆలకి కాయితం ఇచ్చినావా?" అంది.

"లేదు నాయనమ్మా. కాయితం ఇచ్చేది నేను కాదు. కాయితం లేదని రాసుకునే జాగా ఇచ్చాను."

"అదేటి జాగా?" అంటూ మా చెల్లికి ఫోన్ ఇచ్చేసింది.